కోత మంచిదా, కెమెరా మంచిదా? గజ్జల హెర్నియా ఆపరేషన్‌పై సమీక్ష

ఫోన్ తెరిస్తే ప్రకటన, ఆటో వెనక పోస్టరు: "హెర్నియాకు లేజర్ చికిత్స. కోత లేదు, కుట్టు లేదు, పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి." అందుకే ఈ సమీక్షలో మొదటి మార్కు దానికే: సున్నా. గజ్జల హెర్నియా అంటే పొట్టగోడలో పడిన చిల్లు. మొలలను లేజర్‌తో కుంచింపజేయొచ్చు గానీ కండరంలో పడిన చిల్లును ఏ కిరణమూ పూడ్చదు. ఆ ప్రకటన చూసి వెళ్లినవాళ్లకు చివరికి చేసేది మామూలు ల్యాపరోస్కోపీయే, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషనే. ఆపరేషన్ బాగానే చేయొచ్చు, కానీ పేరులోనే అబద్ధమున్న చోట బిల్లులో ఏమేం రాస్తారో ముందే కాగితం మీద పెట్టించుకోవడం మేలు.

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఈ జబ్బుకు నిజంగా దొరికే సేవ రెండు రకాలు. ఒకటి, గజ్జ దగ్గర కోసి ముందు నుంచి మెష్ కుట్టే లైకెన్‌స్టైన్ పద్ధతి. రెండోది, కెమెరాతో వెనక నుంచి మెష్ పరిచే టెప్, టాప్ పద్ధతులు. మెష్ అంటే చిల్లు మీద పరిచే వలలాంటి గుడ్డ, దాన్నే మన దగ్గర జాలీ అంటారు. జాలీ లేకుండా కుట్టే షోల్డైస్, డెసార్డా పద్ధతులు కూడా ఉన్నాయి, వాటికి అలవాటుపడిన చేతులు తక్కువ. రోబో కావాలనుకునేవాళ్లు ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు బస్సెక్కుతారు. మామూలు, మొదటిసారి వచ్చిన, ఒకవైపు హెర్నియాకు రోబో ఇచ్చే అదనపు లాభం దాని ఖర్చుకు సరితూగదని మా అభిప్రాయం. దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

పోల్చే ముందు జబ్బు అదేనా కాదా చూసుకోవాలి. పల్లెల్లో గజ్జల్లో, వృషణాల సంచిలో ఏ వాపు కనిపించినా "బుడ్డ" అనేస్తారు. బుడ్డ వేరు, హెర్నియా వేరు. బుడ్డలో ఉండేది నీరు. టార్చి పెడితే వెలుగు అవతలికి కనిపిస్తుంది, వాపు పైఅంచు వేళ్లకు దొరుకుతుంది, పడుకున్నా పోదు. హెర్నియాలో దిగేది పేగో, పేగును కప్పుకున్న కొవ్వు పొరో. దగ్గితే వేళ్లకు తన్నుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది, పైఅంచు దొరకదు ఎందుకంటే అది పొట్టలోంచే వస్తోంది. అనుభవమున్న సర్జన్ నిలబెట్టి, దగ్గించి, పడుకోబెట్టి చూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది. వాపు కంటికి కనిపిస్తున్నప్పుడు స్కానింగ్ అవసరం తక్కువ. లావుగా ఉన్నవాళ్లలో, నొప్పే తప్ప వాపు తెలియనివాళ్లలో, ఆడవాళ్లలో మాత్రం ముక్కి ఊపిరి బిగబట్టించి చేసే అల్ట్రాసౌండ్ పనికొస్తుంది. చూడకుండానే సీటీ రాసేచోట మార్కులు తగ్గించుకోవచ్చు.

గజ్జల్లో పేగు బయటపడే దార్లు మూడు. వృషణానికి వెళ్లే నాళాలు పొట్టలోంచి బయటికొచ్చే లోపలి వలయం గుండా వచ్చేది ఇండైరెక్ట్. దానికి మధ్యగీత వైపున కండరం పలచబడి ఉబ్బేది డైరెక్ట్. గజ్జ మడత వెంబడి ఉండే గట్టి నారపట్టీ, అంటే ఇంగ్వైనల్ లిగమెంట్ కిందుగా, తొడకు పోయే రక్తనాళం పక్కసందులోంచి వచ్చేది ఫీమోరల్. ఈ మూడూ కలిసే బలహీనమైన జాగాను ఫ్రెంచి సర్జన్ ఆన్రీ ఫ్రూషో 1956లో ఒకే పెద్ద ద్వారంగా వర్ణించాడు. కెమెరా పద్ధతుల సిద్ధాంతమంతా అక్కడి నుంచి పుట్టిందే: మూడు కంతలకు మూడు మాట్లు ఎందుకు, లోపలి నుంచి ఒకే పెద్ద మాటు వేస్తే సరిపోదా అని.

ఆదోని యార్డులో చిల్లుపడిన గోతాన్ని తలచుకోండి. బయట నుంచి మాటు వేస్తే, లోపల సరుకు తోసే ప్రతిసారీ ఆ మాటు కుట్టు మీదే ఆధారపడి నిలవాలి. లోపలి వైపు పెద్ద గుడ్డ పరిస్తే సరుకు బరువే ఆ గుడ్డను గోతానికి అదుముతుంది. లైకెన్‌స్టైన్ బయటి మాటు, టెప్, టాప్‌లు లోపలి మాటు. వినడానికి లోపలిదే గొప్పగా ఉంటుంది. కానీ లోపలి గుడ్డ ముడతపడినా, చిన్నదైనా, అంచు పైకి లేచినా సరుకు దాని కింద నుంచే జారుతుంది. పోలిక అక్కడ మొదలవుతుంది.

లైకెన్‌స్టైన్: పాతబడని పాత పద్ధతి

ఇటలీ సర్జన్ బాసిని 1887లో ప్రచురించిన కుట్టు దాదాపు వందేళ్లు నడిచింది. పైనున్న కండరాన్ని కిందికి లాగి లిగమెంటుకు కుట్టేయడమే ఆ పద్ధతి. పిగిలిన పంచె అంచులను లాగి కుడితే కూర్చున్నప్పుడల్లా కుట్టు పిగులుతుంది కదా, అదే ఇక్కడా జరిగేది. లాస్ ఏంజెలెస్‌లో ఇర్వింగ్ లైకెన్‌స్టైన్ బృందం 1984లో లాగడం మానేసి, ఖాళీ మీద పాలీప్రొపిలీన్ జాలీ పరవడం మొదలుపెట్టింది. 1989లో ఫలితాలు ప్రచురించింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఇదే దారి.

కోత 5, 6 సెంటీమీటర్లు. పై పొర చీల్చి, వృషణానికి వెళ్లే కార్డును, అంటే వీర్యనాళం, రక్తనాళాలు కలిసిన కట్టను ఎత్తి పట్టుకుని, హెర్నియా సంచిని దాన్నుంచి విడదీసి లోపలికి పంపుతారు. వృషణాల దాకా దిగిన పెద్ద సంచి అయితే అడుగుదాకా తవ్వకూడదు. మధ్యలో కోసి, కింది భాగాన్ని నోరు తెరిచి అక్కడే వదిలేయాలి. అడుగుదాకా తవ్వితే వృషణానికి వెళ్లే సన్నని రక్తనాళాలు దెబ్బతిని అది వాచి, తర్వాత కుంచించుకుపోవచ్చు. వదిలిన భాగంలో కొన్నాళ్లు నీరు చేరడం దానితో పోలిస్తే చిన్న సమస్య.

ఇక జాలీ. 7.5 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. ఇక్కడ పీనాసితనం చేస్తే హెర్నియా తిరిగి వస్తుంది. కారణం, కాలక్రమంలో జాలీ చుట్టూ కణజాలం బిగుసుకుని అది ఐదో వంతు దాకా కుంచించుకుపోతుంది. మధ్య వైపు అంచు పొత్తికడుపు అడుగునుండే ప్యూబిక్ ఎముక బొడిపెను దాటి 2 సెంటీమీటర్లు అవతలికి పోవాలి. హెర్నియా తిరగబెట్టే చోటు ఎక్కువగా అదే: జాలీ ఎముక దగ్గరే ఆగిపోయి, వేలు పట్టేంత సందు మిగిలిపోవడం. మొదటి కుట్టు ఎముక పక్కనున్న గట్టి కణజాలంలో పడాలి తప్ప ఎముక పైపొరలో పడకూడదు. ఆ పొరలో సూది దిగితే నెలల తరబడి ఎముక దగ్గర పోటు. అక్కడి నుంచి 2-0 పాలీప్రొపిలీన్ దారంతో లిగమెంటు వెంబడి వరసకుట్టు, లోపలి వలయం దాటగానే ఆపేయాలి. బయటి చివర జాలీని చీల్చి పైతోక వెడల్పుగా, కిందితోక సన్నగా చేసి, రెండింటినీ కార్డు చుట్టూ ఒకదానిమీద ఒకటి వేసి కుట్టాలి. పైఅంచుకు కరిగే దారంతో రెండు కుట్లు చాలు. జాలీ బల్లమీద గుడ్డలా బిగుతుగా కాకుండా కొంచెం వదులుగా, గొడుగులా ఉబ్బి ఉండాలి. మనిషి పడుకున్నప్పుడు కుట్టింది, లేచి నిలబడితే లోపలి ఒత్తిడి పెరుగుతుంది.

ఈ ఆపరేషన్ మంచి చెడ్డలు తేల్చేవి మూడు నరాలు: ఇలియోహైపోగ్యాస్ట్రిక్, ఇలియోఇంగ్వైనల్, జెనిటోఫీమోరల్ నరపు జెనిటల్ శాఖ. వాటిని గుర్తుపట్టి, వాటి పొరల్లోనే ఉంచి, కుట్టులో పడకుండా చూసుకుంటే సరి. నరం జాలీకి అడ్డం వస్తోందనో దెబ్బతిందనో తేలితే కోసేయడమే మేలు. సగం నలిగిన నరాన్ని అలాగే ఉంచడం అన్నిటికన్నా చెడ్డపని. మూడు నెలలు దాటి మిగిలే నొప్పి గజ్జల హెర్నియా ఆపరేషన్లన్నిటిలో కలిపి 10 నుంచి 12 శాతం మందికి ఉంటుందని 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందులో రోజువారీ పనిని దెబ్బతీసేంత నొప్పి కొద్దిమందికే. ఆపరేషన్‌కు ముందే నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు, వయసులో చిన్నవాళ్లకు, ఆడవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. వాపే లేకుండా నొప్పి మాత్రమే ఉన్నవాళ్లను తొందరపడి టేబుల్ ఎక్కించకూడదనడానికి ఇదే కారణం.

లైకెన్‌స్టైన్‌కు ఉన్న అసలు బలాన్ని మన దగ్గర వాడుకోవడం తక్కువ. దీన్ని లోకల్ మత్తుతో చేయొచ్చు. 1 శాతం లిగ్నోకైన్, 0.5 శాతం బుపివకైన్ సమపాళ్లలో కలిపి పొరపొరకూ ఎక్కిస్తూ పోతారు. లైకెన్‌స్టైన్ బృందం వాడింది సగటున 45 మిల్లీలీటర్లు. 50 కిలోల బక్కపలచని రైతుకు అంత మోతాదు ఎక్కువవుతుంది కాబట్టి సెలైన్‌తో పలచన చేసి, కిలోల లెక్క కట్టి ఇవ్వాలి. లాభాలేమిటంటే, గుండె, ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్న 75 ఏళ్ల పెద్దాయనకూ చేయొచ్చు, టేబుల్ మీదే దగ్గించి మాటు నిలుస్తోందో లేదో చూడొచ్చు, మూత్రం బిగుసుకోవడం దాదాపు ఉండదు. అయినా ఇక్కడ ఎక్కువచోట్ల నడుముకు సూది, అంటే స్పైనల్. అది తప్పు కాదు, సర్జన్‌కూ హాయి. ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్లకు మాత్రం స్పైనల్ తర్వాత మూత్రం ఆగి, గొట్టం వేయించుకుని, అదే కారణంగా ఒకరోజు ఎక్కువ ఉండాల్సి రావచ్చు. లోకల్‌లో చేయడం వచ్చిన సర్జన్ దొరికితే ఈ పద్ధతికి ఐదుకు నాలుగున్నర. స్పైనల్ అయితే నాలుగు.

టెప్, టాప్: లోపలి మాటు

రెండింటిలో జాలీ చేరే చోటు ఒకటే, దారి వేరు. టాప్‌లో పొట్టలోపలికి వెళ్లి, పొట్టగోడకు లోపలి అస్తరులా ఉండే పెరిటోనియం పొరను లోపలి నుంచి కోసి దించి, జాలీ పరిచి, పొరను మళ్లీ కుట్టేస్తారు. టెప్‌లో పొట్టలోపలికి అసలు పోరు. బొడ్డు కింద 10 మిల్లీమీటర్ల కోతతో కండరానికీ పెరిటోనియానికీ మధ్య పొరలోకి దూరి, అక్కడే గ్యాసుతో చోటు చేసుకుని పని ముగిస్తారు. మధ్యగీత మీద 5 మిల్లీమీటర్ల రంధ్రాలు మరో రెండు. గ్యాసు ఒత్తిడి 10 నుంచి 12 మిల్లీమీటర్ల పాదరసం. ఆ చోటు చేయడానికి కంపెనీ బెలూన్ అమ్ముతారు, ఖరీదెక్కువ. సర్జికల్ గ్లౌజు వేలును కత్తిరించి గొట్టానికి కట్టి ఊదే నాటు బెలూనుతోనో, టెలిస్కోపునే అటూ ఇటూ ఊపుతూనో మన దేశంలో ఎంతోమంది సర్జన్లు అదే పని చేస్తున్నారు. కాబట్టి బిల్లులో బెలూన్ పేరుతో పెద్ద మొత్తం కనిపిస్తే అడగడంలో తప్పులేదు.

ఇక్కడ జాలీ కనీసం 15 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. మనిషి భారీగా ఉన్నా, చిల్లు పెద్దదైనా వెడల్పు ఇంకా కావాలి. పరవడానికి ముందు ప్యూబిక్ ఎముక మధ్యగీత దాటి అవతలి వైపు దాకా, కిందికి మూత్రాశయం దించి, పక్కకు తుంటి ఎముక దాకా చోటు తెరుచుకోవాలి. అసలు సూత్రం పెరిటోనియాన్ని వీర్యనాళం, రక్తనాళాల మీద నుంచి వెనక్కి బాగా ఒలవడం. ఇది సగంలో వదిలేస్తే గ్యాసు తీసేటప్పుడు ఆ పొర జాలీ కింద దూరి, అంచును అప్పడంలా పైకి మడిచేస్తుంది. బయట కుట్లు అందంగా ఉంటాయి, ఆరు నెలలకు వాపు మళ్లీ కనిపిస్తుంది. అందుకే గ్యాసును కెమెరాతో చూస్తూ మెల్లగా వదలాలి, కింది అంచును పరికరంతో పట్టి ఉంచాలి. కార్డు పక్కనున్న కొవ్వుగడ్డను వెనక్కి లాగకుండా మరచిపోవడం ఇంకో తరచు తప్పు. హెర్నియా పోయినా వాపు అలాగే ఉందని మనిషి తిరిగొస్తాడు.

ట్యాకర్ అని మరలు కొట్టే తుపాకీ ఒకటుంది. ఒక్క దాని ఖరీదు మామూలు జాలీకి ఎన్నో రెట్లు. టెప్‌లో చాలావరకు జాలీని బిగించాల్సిన పనే లేదు, లోపలి ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. మూడు వేళ్లు పట్టేంత పెద్ద డైరెక్ట్ హెర్నియాలో మాత్రం జాలీ ఆ గుంతలోకి జారకుండా ప్యూబిక్ ఎముక మీదుండే గట్టి నారపట్టీకి, అంటే కూపర్ లిగమెంటుకు ఒకటో రెండో కొడతారు. వీర్యనాళానికీ వృషణ రక్తనాళాలకూ మధ్య త్రికోణంలో కాలికి పోయే పెద్ద రక్తనాళాలుంటాయి. దానికి బయటి వైపు త్రికోణంలో తొడ నరాలు. మొదటిదాన్ని సర్జన్లు మృత్యు త్రికోణమంటారు, రెండోదాన్ని నొప్పి త్రికోణమంటారు. ఈ రెండు చోట్లా ఒక్క మర కూడా పడకూడదు. రెండోచోట పడ్డ మరకు తొడ మంట ఎన్నో నెలలు సాక్ష్యం చెబుతుంది.

మంచిగుణాలు నిజమైనవే. మొదటి వారంలో నొప్పి తక్కువ, పనికి తొందరగా పోవచ్చు, దీర్ఘకాలపు నొప్పి కొంత తక్కువ. రెండువైపులా హెర్నియా ఉంటే అవే మూడు రంధ్రాల్లోంచి రెండూ ఒకేసారి అయిపోతాయి. దీని బలహీనత ఏమిటంటే ఇది చేతిపనితనం మీద ఎక్కువగా ఆధారపడే ఆపరేషన్. అమెరికాలోని వెటరన్ల ఆసుపత్రుల్లో చేసి 2004లో ప్రచురించిన పెద్ద పరీక్షలో మొదటిసారి హెర్నియాలు రెండేళ్లలో తిరగబెట్టింది ల్యాపరోస్కోపీలో 10.1 శాతం, కోతలో 4.0 శాతం. అప్పట్లో ఆ సంఖ్య కెమెరాకు పెద్ద చెడ్డపేరు తెచ్చింది. లోతుగా చూస్తే 250కి పైగా చేసిన సర్జన్ల చేతిలో ఆ తేడా కనిపించలేదు. చేయి కుదరడానికి 50 నుంచి 100 ఆపరేషన్లు పడతాయని మార్గదర్శకాలు చెబుతాయి. ఇరవయ్యో టెప్ చేస్తున్న చేతికన్నా ఐదువందలవ లైకెన్‌స్టైన్ చేస్తున్న చేయి మేలు. కార్పొరేట్ బోర్డు చూసి ఈ లెక్క మరచిపోవద్దు. కుదిరిన చేతిలో ఐదుకు నాలుగున్నర, కుదరని చేతిలో రెండు.

మత్తు మామూలుగా జనరలే. టెప్ చేసేటప్పుడు పెరిటోనియంలో చిన్న చిల్లు పడి, గ్యాసు పొట్టలోకి పోయి పనిచేసే చోటు మూసుకుపోవడం తరచుగా జరిగేదే. పైపొట్టలో సన్నని సూది గుచ్చి ఆ గ్యాసు వదిలితే సరిపోతుంది, లేదంటే టాప్‌కు మారాలి, అదీ కుదరకపోతే కోయాలి. దీన్ని ఓటమిలా చూడకూడదు. "అవసరమైతే కోస్తాను" అని ముందే చెప్పి, సంతకం పేపర్లో రాసే సర్జన్‌కే మా ఓటు.

ఎవరికి ఏది అన్న లెక్క సూటిగానే ఉంది. ఆడవాళ్లకు కెమెరా పద్ధతే ముందు. వాళ్లలో ఫీమోరల్ హెర్నియా ఎక్కువ, అది బిగుసుకుపోయే ముప్పూ ఎక్కువ, ముందు నుంచి కోస్తే అది కంటికి చిక్కదు. డెన్మార్క్ రిజిస్ట్రీలో ఇంగ్వైనల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ టేబుల్ ఎక్కిన ఆడవాళ్లను చూస్తే సుమారు 40 శాతం మందిలో బయటపడింది ఫీమోరలే. లోపలి నుంచి చూస్తే మూడు కంతలూ ఒకే చూపులో కనిపిస్తాయి. రెండువైపులా ఉన్నా, ఇంతకుముందు ముందు నుంచి కోసిన చోటే తిరగబెట్టినా కెమెరా. కెమెరాతో చేశాక తిరగబెడితే లైకెన్‌స్టైన్. ప్రోస్టేట్ తీసేసినవాళ్లు, పొత్తికడుపు మధ్యలో పాత కోత ఉన్నవాళ్లు, జనరల్ మత్తు తట్టుకోలేనివాళ్లు, వృషణాల దాకా దిగి ఏళ్లుగా లోపలికి పోనివాళ్లు కోతకే వెళ్లాలి. మొదటిసారి, ఒకవైపు, మగవాడు అయితే రెండూ మంచివే. సర్జన్‌కు ఏది బాగా వచ్చో అది. పిల్లలకు జాలీ పెట్టరు, సంచి కట్టేస్తే చాలు. పసిబిడ్డకు జాలీ మాట ఎత్తిన చోట నుంచి లేచి వచ్చేయండి.

జాలీ లేకుండా కావాలంటే

టొరంటోలో 1945లో మొదలైన షోల్డైస్ ఆసుపత్రి నాలుగు వరసల కుట్టుతో మంచి ఫలితాలు సాధించింది, కానీ ఆ ఫలితం ఆ గోడలు దాటితే అంత బాగా రాదు. పుణె సర్జన్ మోహన్ డెసార్డా 2001లో ప్రచురించిన పద్ధతి మనకు దగ్గర. అదే గజ్జలోని ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ అనే పైకండరపు పొర నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల పట్టీని, రెండు చివరలూ తెగకుండా తీసి వెనక గోడకు కుడతారు. సొంత గుడ్డతో సొంత మాటు. ఆ పొర గట్టిగా ఉన్న కుర్రవాళ్లకు బాగుంటుంది. పలచబడి, నారలు విడిపోయిన పెద్దవాళ్లలో పట్టీయే చిరుగుతుంది. జాలీ వద్దని మనసులో గట్టిగా ఉన్నవాళ్లు అడగొచ్చు. అడిగేటప్పుడు "ఏడాదికి ఎన్ని చేస్తారు" అన్న ప్రశ్న ఇక్కడ ఇంకా ముఖ్యం.

సరుకు నాణ్యత సంగతి. మామూలు సమతల పాలీప్రొపిలీన్ జాలీ చాలు. రంధ్రాలు ఒక మిల్లీమీటరుకన్నా పెద్దవిగా ఉండాలి, కణజాలం వాటిలోంచి అల్లుకుంటుంది. చదరపు మీటరుకు 80 గ్రాములకు పైన ఉండేది బరువు జాలీ, 40కి లోపుది తేలికది. తేలికది ఖరీదు, మొదట్లో కొంచెం తక్కువ బిగుతు అనిపిస్తుంది, ఏళ్లు గడిస్తే తేడా కనిపించదు. పైగా కెమెరా పద్ధతిలో పెద్ద డైరెక్ట్ చిల్లు మీద తేలిక జాలీ వంగి లోపలికి ఉబ్బే ముప్పుంది. కుచ్చులా మడిచి చిల్లులో దోపే ప్లగ్ వద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి, అది కదిలి పక్క అవయవాలను ఒరుసుకోవచ్చు. ఖరీదుకూ ఫలితానికీ ఉన్న సంబంధం ఎంత పలచనో తెలియాలంటే ఒక్క ఉదాహరణ. మహారాష్ట్రలోని దోండాయిచాలో డాక్టర్ తొంగావ్‌కర్ శుద్ధిచేసిన దోమతెర గుడ్డను జాలీగా వాడి చూపించారు. 2016లో ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద చేసిన పరీక్షలో దోమతెర జాలీకీ కంపెనీ జాలీకీ ఏడాది చివర ఫలితం ఇంచుమించు ఒకటే. బజార్లో దోమతెర కొని తీసుకెళ్లమని చెప్పడం లేదు. ఖరీదైన జాలీ పేరుతో ప్యాకేజీ పెంచినప్పుడు "మామూలుది పెడితే ఎంత" అని అడగొచ్చని మాత్రం గుర్తుంచుకోండి.

ఎక్కడికి వెళ్లాలి అన్నదానికి మా సమాధానం చాలామందికి నచ్చకపోవచ్చు. 1957లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ లాంటి బోధనాసుపత్రుల్లో లైకెన్‌స్టైన్ అంటే సర్జరీ పీజీలు మొదట నేర్చుకునే ఆపరేషన్లలో ఒకటి. చేసే చేయి పీజీదే అయినా ఎదురుగా సీనియర్ నిలబడి ఉంటే ఫలితం మంచిదే వస్తుంది. ఆ ఒక్క మాటా అడిగి తెలుసుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎదురయ్యే ఇబ్బంది తేదీ దొరకడం, మంచం దొరకడం. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుతో ప్రైవేటుకు వెళ్లేవాళ్లు మాత్రం ఆపరేషన్ తేదీ పెట్టుకోకముందే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని, ఈ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో కార్డు కింద వస్తుందా, కెమెరా అయితే వస్తుందా, జాలీ ఖర్చు అందులోనేనా అని మూడు ప్రశ్నలు అడగాలి. తర్వాత అడిగితే జవాబు మారుతుంది.

అందరూ వెంటనే చేయించుకోవాలా? అక్కర్లేదు. ఇబ్బంది పెట్టని హెర్నియా ఉన్న 720 మంది మగవాళ్లలో సగం మందికి ఆపరేషన్ చేసి, సగం మందిని ఊరికే గమనిస్తూ ఉత్తర అమెరికాలో చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో వేచిచూసినవాళ్లకు పేగు బిగుసుకోవడం వెయ్యి మందికి ఏడాదికి 1.8 చొప్పునే జరిగింది. అయితే పదేళ్లు తిరిగేసరికి వేచిచూసినవాళ్లలో 68 శాతం మంది ఎలాగూ ఆపరేషన్‌కు వచ్చారు, ఎక్కువమంది నొప్పి వల్లే. అంటే తొందర లేదు, కానీ చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. పంటకోతలూ సంతలూ అయ్యాక పెట్టుకోవచ్చు. ఈ వెసులుబాటు ఆడవాళ్లకూ ఫీమోరల్ హెర్నియాకూ వర్తించదు. తాడిపత్రి, బేతంచర్ల బండలు మోసేవాళ్లకు, బస్తాలు ఎత్తే హమాలీలకు నొప్పి తొందరగా మొదలవుతుంది కాబట్టి వాళ్లు ఏళ్ల తరబడి లంగోటా బిగించి లాగకపోవడమే మంచిది. బెల్టు చిల్లును మూయదు, దాచుతుందంతే.

ఆపరేషన్‌కు ముందు దగ్గు, మలబద్ధకం, మూత్రం ఆగి ఆగి రావడం ఉంటే వాటికి వైద్యం చేయించాకే తేదీ. ఇవి ఉండగా వేసిన మాటు పొద్దున లేచింది మొదలు పరీక్షకు గురవుతుంది. బీడీ, సిగరెట్టు నాలుగు వారాల ముందు మానాలి. క్లోపిడోగ్రెల్ లాంటి మందు వాడేవాళ్లు గుండె డాక్టరును అడిగి సాధారణంగా ఐదు రోజుల ముందు ఆపుతారు, సొంతంగా ఆపకూడదు. రోమాలు గీసే బ్లేడుతో కాకుండా క్లిప్పరుతో తీయాలి, అదీ ఆపరేషన్ రోజే. ఘనాహారం ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా. దారిలో బస్టాండులో ఉగ్గాని బజ్జీ తిని వచ్చి "కొంచెమే తిన్నా" అంటే ఆపరేషన్ వాయిదాయే. కోతకు ముందు గంటలోపు ఒక్క డోసు సెఫాజోలిన్ చాలు. ఇంటికెళ్లాక వారం రోజులు యాంటీబయాటిక్ మాత్రలు రాయడం అలవాటు తప్ప అవసరం కాదు.

తర్వాతి రోజుల్లో వృషణాల సంచి నల్లబడడం, కొంచెం వాయడం మామూలే, బిగుతు లోదుస్తు వేసుకుంటే ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. కెమెరా ఆపరేషన్ తర్వాత పాత చిల్లు చోట నీరు చేరి హెర్నియా మళ్లీ వచ్చినట్టే కనిపిస్తుంది. దగ్గితే తన్నదు, అదే గుర్తు. ఎక్కువ శాతం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. సూదితో తీయించుకుంటే లోపలికి క్రిములు పోయి జాలీకి పట్టే ప్రమాదం ఉంది. నడక అదే సాయంత్రం నుంచి. గట్టిగా బ్రేకు నొక్కితే నొప్పి రానప్పుడు బండి. కుర్చీపనికి నాలుగైదు రోజుల్లో పోవచ్చు. బస్తాలకు మాత్రం ఇక్కడి సర్జన్లు మూడు నాలుగు వారాలు ఆగమంటారు, అలాంటి బరువులకు అది సబబే. మూడు నెలలు మంచంలో ఉండమనే సలహా మాత్రం పాతది. జ్వరం, చీము, ఎర్రగా పాకడం, మూత్రం రాకపోవడం ఉంటే ఆ రోజే తిరిగి వెళ్లాలి.

ఇంకా ఆపరేషన్ కానివాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. లోపలికి పోయే వాపు ఒక్కసారిగా పోకుండా గట్టిపడి, నొప్పి పుట్టి, వాంతులు మొదలైతే అది పేగు బిగుసుకోవడం. ఆలూరు నుంచో రాయదుర్గం నుంచో రావాలంటే దారిలోనే గంటలు గడిచిపోతాయి కాబట్టి 108కి వెంటనే చేయాలి. ఇంట్లో బలంగా నొక్కి లోపలికి తోయకూడదు, కాఫీ నీళ్లు ఇవ్వకూడదు. రక్తం ఆగిన పేగు గంటల్లోనే నల్లబడుతుంది, అప్పుడు పేగు ముక్క కోయాల్సి వస్తుంది, మామూలుగా పెట్టే జాలీ కూడా పెట్టలేకపోవచ్చు.

చివరగా డిశ్చార్జి కాగితం. అందులో "హెర్నియోప్లాస్టీ చేయబడింది" అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోవద్దు. హెర్నియా ఏ రకం, చిల్లు ఎన్ని వేళ్ల వెడల్పు, లైకెన్‌స్టైనా టెప్పా టాపా, జాలీ కొలత, మరలు కొట్టారా, నరం కోశారా అన్నీ ఉండాలి. జాలీ డబ్బా మీద కంపెనీ పేరు, లాట్ నంబరుతో స్టిక్కరు వస్తుంది. దాన్ని ఆ కాగితం మీదే అంటించి ఇవ్వమనండి, ఆ కాగితాన్ని రేషన్ కార్డు పెట్టే చోటే పెట్టండి. ఎప్పుడైనా ఆ వైపు తిరగబెడితే రెండో సర్జన్ ముందు నుంచి పోవాలా వెనక నుంచి పోవాలా అన్నది తేల్చుకునేది ఆ కాగితం చూసే.